బోస్టన్... అలిగిన ఊరు

బోస్టన్ అనగానే మనవాళ్లకు అమెరికా గుర్తొస్తుంది. ఎమ్మెస్ చేస్తున్న పిల్లలు, హార్వర్డ్ ముందు దిగిన ఫొటోలు, మోకాలిలోతు మంచు... ఇవే కళ్లముందు కదులుతాయి. కానీ ఆ బోస్టన్‌కి పేరిచ్చిన అసలు బోస్టన్ ఇంకోటుంది. ఇంగ్లండ్ తూర్పు తీరాన, లింకన్‌షైర్ కౌంటీలో. చుట్టుపక్కల పల్లెల్ని కలుపుకున్నా 2021 జనాభా లెక్కల్లో తేలింది 70 వేల మందే. మన లెక్కన ఓ మోస్తరు మున్సిపాలిటీ! పర్యాటకులు పనిగట్టుకుని వెళ్లే ఊరు కూడా కాదు.

అలాంటి ఊరు 2016 జూన్ 24 తెల్లవారేసరికి దేశం నోళ్లలో నానింది. ఐరోపా సమాఖ్యలో ఉందామా, బయటికొచ్చేద్దామా అని బ్రిటన్ తన ప్రజల్ని అడిగిన మర్నాడది. దేశం మొత్తమ్మీద 51.9 శాతం వచ్చేద్దామన్నారు, 48.1 శాతం ఉందామన్నారు. బోస్టన్‌లో మాత్రం ఇలా మొగ్గో అలా మొగ్గో అన్న మాటే లేదు. వచ్చేద్దామన్నవాళ్లు 22,974 మంది, ఉందామన్నవాళ్లు 7,430 మంది. అంటే నూటికి 75 మందికి పైగా! బ్రిటన్ మొత్తంలో అంత గట్టిగా 'వద్దు' అన్న ప్రాంతం ఇంకోటి లేదు.

అంత కోపం ఎవరిమీద? ఎందుకు? అడిగిందల్లా జరిగాక ఆ కోపం తగ్గిందా? తెలుసుకోవాలంటే ఆ ఊరు చూడాలి.

లండన్‌ కింగ్స్‌క్రాస్‌లో రైలెక్కితే గంటా గంటంబావులో గ్రాంథమ్ వస్తుంది. ఉక్కుమహిళ మార్గరెట్ థాచర్ పుట్టింది అక్కడే, ఓ కిరాణాకొట్టు యజమాని ఇంట్లో. ఎడిన్‌బరో వైపు వెళ్లే పెద్దరైళ్లు అటు ఉత్తరానికి దూసుకుపోతాయి. బోస్టన్ వెళ్లేవాళ్లు మాత్రం దిగి, స్కెగ్‌నెస్ వెళ్లే చిన్నరైలు కోసం ప్లాట్‌ఫారం మీద ఎదురుచూడాలి. లండన్‌కి బోస్టన్ ఎంత దూరమో కిలోమీటర్లలో కన్నా ఆ ఎదురుచూపులోనే బాగా తెలుస్తుంది.

స్లీఫర్డ్ దాటాక నేల చాపలా పరుచుకుంటుంది. కొండ సంగతి దేవుడెరుగు, ఎత్తుగా ఓ దిబ్బయినా కనిపించదు. ఒకప్పుడు అదంతా చిత్తడి. కాలువలు తవ్వి, కట్టలు పోసి, నీళ్లు తోడి సముద్రంలో పారబోసి తరతరాలుగా సాగులోకి తెచ్చుకున్నారు. కృష్ణా డెల్టా పంటకాలువల్నీ, కొల్లేటి లంకల్నీ చూసినవాళ్లకి ఆ నేల తీరు ఇట్టే పట్టుబడుతుంది. కనుచూపు మేర క్యాబేజీ, కాలీఫ్లవర్, బంగాళదుంప. వాటితోపాటు గోళీకాయంత క్యాబేజీల్లా ఉండే బ్రస్సెల్స్ స్ప్రౌట్స్. బ్రస్సెల్స్ అంటేనే మండిపడిన ఊళ్లో బ్రస్సెల్స్ పేరున్న కూరగాయ పుష్కలంగా పండటం తమాషానే.

365 మెట్ల 'మొద్దు'

ఊరు ఇంకా చాలా దూరం ఉందనగానే రైలు కిటికీలోంచి ఓ పెద్ద బురుజు కనిపించడం మొదలవుతుంది. సెయింట్ బోటోల్ఫ్ చర్చి అది. చర్చి పని 1309లో మొదలైతే, 80 మీటర్ల పైచిలుకు ఎత్తున్న ఆ బురుజు పూర్తయ్యేసరికి రెండు వందల ఏళ్లు పట్టింది. అంత ఘనమైన కట్టడాన్ని ఊరివాళ్లు 'స్టంప్' అనేస్తారు. అంటే నరికేసిన చెట్టుమొద్దు! ముద్దుపేరే లెండి. బురుజుకు 365 మెట్లు, చర్చికి 52 కిటికీలు, 12 స్తంభాలు, ఏడు తలుపులు... ఏడాదిలో రోజులు, వారాలు, నెలలు, వారంలో రోజులు అని వేళ్లమీద లెక్కచెబుతారు.

అంత గుడి కట్టుకునే స్తోమత ఆ ఊరికి ఎక్కణ్నుంచి వచ్చింది? సముద్రం అవతల్నుంచి వచ్చింది. 13వ శతాబ్దంలో ఇంగ్లండ్ గొర్రెల ఉన్నికి ఐరోపా అంతటా గిరాకీ. ఆ ఉన్ని ఓడలకెక్కింది బోస్టన్ రేవులోనే. జర్మనీ నుంచి, బాల్టిక్ తీరాల నుంచి హాన్సా వర్తకులు వచ్చి అక్కడ గోదాములు పెట్టుకున్నారు. ఒక దశలో సుంకాల రాబడిలో బోస్టన్ లండన్‌తోనే పోటీపడింది. తర్వాత విథమ్ నది పూడిపోయింది, వ్యాపారం వేరే రేవులకు తరలిపోయింది. గుడి మిగిలింది.

గిల్డ్‌హాల్ అని ఇంకో పాత భవనముంది. 1390ల నాటిది. ఇప్పుడు మ్యూజియం. అందులో ఇరుకిరుకు ఖైదు గదులు రెండు చూపిస్తారు. 1607లో రాజుగారి చర్చి పద్ధతులు నచ్చని కొందరు రహస్యంగా హాలండ్ పారిపోదామని బోస్టన్ దగ్గర ఓడెక్కారు. ఓడ కెప్టెన్ వాళ్ల దగ్గర డబ్బు పుచ్చుకుని అధికారులకు పట్టించేశాడు. పట్టుబడ్డవాళ్లను తెచ్చి పెట్టింది ఇక్కడే. తర్వాత వాళ్లు ఎలాగో హాలండ్ చేరారు. లైడెన్ పట్టణంలో నేతపనీ ఆ పనీ ఈ పనీ చేసుకుంటూ ఓ పదేళ్లు పరాయివాళ్లుగా బతికారు. వాళ్లలో కొందరే 1620లో మేఫ్లవర్ ఓడలో అమెరికా వెళ్లి చరిత్రకెక్కారు. మరో పదేళ్లకు లింకన్‌షైర్ వైపు నుంచి వెళ్లిన ప్యూరిటన్లు అక్కడ ఓ ఊరు కట్టుకుని, సొంతూరి మీద బెంగతో దానికి బోస్టన్ అని పేరు పెట్టుకున్నారు.

వలస వచ్చినవాళ్ల వల్ల బాగుపడి, వలస పోయినవాళ్ల వల్ల పేరు తెచ్చుకున్న ఊరు వలసలు వద్దని ఓటేసిందా అని లండన్ విలేకరులు వెటకారం చేశారు. అనడం తేలికే. కానీ నాలుగు వందల ఏళ్లనాటి గొప్ప ఇవాళ్టి ఇంటద్దె కడుతుందా?

మేస్త్రీలూ... ముఠాలూ

క్యాబేజీ కోత యంత్రాలకు పూర్తిగా లొంగిన పని కాదు. ఏ పువ్వు తయారైందో, ఏది ఇంకో రెండు రోజులు ఆగాలో కంటితో చూసి, వంగి, కత్తితో కోయాలి. చలికాలం సముద్రం మీంచి వీచే గాలికి వేళ్లు కొంకర్లు పోతాయి. తెల్లారకముందే వ్యాన్లు వచ్చి కూలీలను ఎక్కించుకుపోతాయి. వాళ్లను కుదిర్చే మేస్త్రీని 'గ్యాంగ్‌మాస్టర్' అంటారు. మిరపకోతలప్పుడు ఆటోల్లో కిక్కిరిసి వెళ్లే ముఠాలను చూసినవాళ్లకి అదేమీ కొత్తగా అనిపించదు. ఆ ఏర్పాటు కూడా నిన్నా మొన్నటిది కాదు. ఆడవాళ్లనూ చిన్నపిల్లలనూ ముఠాలుగా పొలాలకు తోలుకుపోతున్నారని గొడవై, 1867లోనే పార్లమెంటు దానిమీద చట్టం చేసింది.

20వ శతాబ్దం చివరికొచ్చేసరికి సూపర్‌మార్కెట్లు గట్టి బేరమాడటం నేర్చాయి. ధర పెరగకూడదు, సరుకు మాత్రం రోజూ ఒకే సైజులో దిగాలి. ఆ కూలికి ఆ పని చేయడానికి ఊళ్లో కుర్రాళ్లు ముందుకు రాలేదు. మొదట పోర్చుగల్ వాళ్లొచ్చారు. తర్వాత 2004 మే ఒకటో తేదీన పోలండ్, లిథువేనియా, లాట్వియా సహా పది దేశాలు ఐరోపా సమాఖ్యలో చేరాయి. తూర్పు ఐరోపావాళ్లకు మొదటిరోజు నుంచే తలుపులు బార్లా తెరిచిన పాతదేశాలు మూడే. బ్రిటన్, ఐర్లండ్, స్వీడన్. ఏటా 5 వేల నుంచి 13 వేల మందికి మించి రారని అప్పట్లో బ్రిటన్ ప్రభుత్వం వేయించిన అంచనా. జర్మనీ కూడా తలుపులు తెరుస్తుందన్న ఊహ మీద కట్టిన లెక్క అది. జర్మనీ తెరవలేదు. జనం బ్రిటన్‌కి వచ్చారు. 2011 లెక్కలు తీసేసరికి ఒక్క ఇంగ్లండ్, వేల్స్‌లలోనే పోలండ్‌లో పుట్టినవాళ్లు 5 లక్షల 79 వేలు!

అంతమందిలో ఎక్కువమంది పెద్ద నగరాల్లో కలిసిపోయారు. బోస్టన్‌లో కలిసిపోవడానికి చోటెక్కడిది? 2001లో 55,750 ఉన్న జనాభా పదేళ్లలో 64,600కు చేరింది. పదిమందిలో ఒకరు తూర్పు ఐరోపా మనిషి. వెస్ట్ స్ట్రీట్‌లో మూతపడ్డ కొట్లు మళ్లీ తెరుచుకున్నాయి. బోర్డులు మాత్రం పోలిష్‌లో, లిథువేనియన్‌లో. నల్లరొట్టె, ఊరవేసిన దోసకాయలు, పొగబెట్టిన సాసేజీలు. ఒకప్పుడు హాన్సా వర్తకులు దిగింది కూడా ఆ బాల్టిక్ తీరాల నుంచేనన్న సంగతి గుర్తుచేసేవాళ్లు ఎవరూ లేరు.

జనం పెరిగినంత వేగంగా ఇళ్లు, బడులు, డాక్టర్లు పెరగలేదు. నలుగురుండే ఇంట్లో పదిమంది సర్దుకుంటుంటే అద్దెలు పెరగవా? ఒక్కొక్కరి దగ్గర్నుంచీ వసూలు చేసుకునే యజమానికి లాభం. ఆ ఇంటి పక్కింట్లో ఉన్నవాడికి నిద్రలేమి. పంట సకాలంలో మార్కెట్‌కి చేరుతున్నందుకు రైతుకు లాభం. చౌకగా కాలీఫ్లవర్ దొరుకుతున్నందుకు లండన్ గృహిణికి లాభం. ఊరివాళ్లలో చాలామంది అడిగింది ఒకటే... లాభం మీకు, సర్దుబాటు మాకా? ఈ మాట అన్న ప్రతివాడికీ జాతివిద్వేషి అని ముద్రవేయడం పెద్ద తప్పు. వాళ్లలో నిజంగా విద్వేషం ఉన్నవాళ్లు లేరనడం ఇంకో తప్పు.

అటు కూలీల గోడు వేరు. పన్నెండు గంటలు వంగి కోసి, పన్నులు కట్టి, పిల్లల్ని బడిలో వేసుకుని, పదేళ్లుగా ఇదే మా ఊరనుకున్నాక ఒక్క రాత్రిలో మళ్లీ పరాయివాళ్లయ్యారు.

ఎవరి ఓటు... ఎవరి తీర్పు

ఇక్కడ మనవాళ్ల ప్రస్తావన ఒకటి రావాలి. 2016 రెఫరెండంలో ఎవరు ఓటేయొచ్చన్న దానికి బ్రిటన్ పెట్టుకున్న నియమం చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. బ్రిటిష్, ఐరిష్ పౌరులతోపాటు, బ్రిటన్‌లో నివాసముంటున్న కామన్వెల్త్ దేశాల పౌరులూ ఓటేయొచ్చు. అంటే, భారత పాస్‌పోర్టుతో లండన్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసుకుంటున్న గుంటూరు కుర్రాడు ఓటరుగా పేరు నమోదు చేయించుకుంటే చాలు. బ్రిటన్ ఐరోపాలో ఉండాలో వద్దో చెప్పే హక్కు అతనికుంది. బోస్టన్ పొలాల్లో పదేళ్లు క్యాబేజీ కోసిన లిథువేనియా మనిషికి లేదు! ఎవరిని ఉంచాలా, పంపాలా అని ఊరంతా వాదులాడుకుందో వాళ్ల మాట పెట్టెలో పడనే లేదు.

మన ఉపఖండంవాళ్లు ఓటేయడమే కాదు, ఎరగా కూడా ఉపయోగపడ్డారు. ఐరోపావాళ్ల రాక తగ్గితే దక్షిణాసియా నుంచి వంటవాళ్లను తెచ్చుకోవడం సులువవుతుందని 'వచ్చేద్దాం' పక్షం కర్రీ హోటళ్లవాళ్లకు ఆశపెట్టింది. నమ్మి ప్రచారం చేసిన బంగ్లాదేశీ హోటల్ యజమానులు తర్వాత మోసపోయామన్నారు. ఎర్రబస్సు మీద రాసిన అంకె సంగతి సరేసరి. వారానికి 35 కోట్ల పౌండ్లు ఐరోపాకు పోతున్నాయి, వాటిని మన ఆస్పత్రులకు పెడదాం అన్నది దాని సారాంశం. తిరిగొచ్చే సొమ్మును లెక్కలోంచి తీసేసి చెప్పిన అంకె అది. గణాంకాల సంస్థ తప్పుపట్టినా బస్సు తిరుగుతూనే ఉంది. అటు 'ఉందాం' పక్షం కూడా తక్కువ తినలేదు. ఓటేసిన మర్నాడే ఆకాశం విరిగి పడుతుందన్నట్టు భయపెట్టింది. పోలింగ్‌కు వారం ముందు, జూన్ 16న, జో కాక్స్ అనే లేబర్ ఎంపీని ఓ తీవ్ర మితవాది నడివీధిలో చంపేశాడు. మాటల యుద్ధం అక్కడిదాకా వెళ్లింది.

నది ఒడ్డున ఇంకో అలక

బోస్టన్ కోపం పూర్తిగా అర్థం కావాలంటే మళ్లీ లండన్ రావాలి. థేమ్స్‌కు ఒక ఒడ్డున పార్లమెంటు. వెస్ట్‌మినిస్టర్ వంతెన దాటితే ఎదుటి ఒడ్డున లాంబెత్ బరో. 2016లో బోస్టన్‌కు పూర్తిగా అద్దంలో బొమ్మ అది. అక్కడ ఉందామన్నవాళ్లు 78.6 శాతం!

లాంబెత్‌లో వలస లేదా అంటే, అక్కడ ఉన్నంత వలస బోస్టన్ కలలో కూడా చూడలేదు. మూడోవంతుకు పైగా జనం వేరే దేశాల్లో పుట్టినవాళ్లే. బ్రిక్స్‌టన్‌లో కరీబియన్ దీవులవాళ్లు, స్టాక్‌వెల్‌లో పోర్చుగీసువాళ్లు. పోర్చుగీసు కాఫీ హోటళ్లు వరసగా ఉండే ఆ వీధుల్ని 'లిటిల్ పోర్చుగల్' అంటారు. అంటే బోస్టన్ పొలాలకు మొదట వచ్చిన జాతి ఇక్కడా ఉంది. కాకపోతే లాంబెత్‌కి కొత్తముఖాలు అలవాటవడానికి యాభై అరవై ఏళ్ల వ్యవధి దొరికింది. పైగా లండన్‌లో పనులున్నాయి, బస్సులున్నాయి, పక్కనే పార్లమెంటుంది. బోస్టన్‌కి దొరికింది పదేళ్లు, ఒక చిన్నరైలు.

చిత్రమేమిటంటే, 2019 నాటికి ఈ రెండు ఊళ్లవాళ్లూ ఒకే చోట నిలబడి ఒకే భవనం వంక చూసి తిట్టుకున్నారు. ఆ ఏడాది పార్లమెంటు ముందున్న పచ్చికబయలు, కాలేజ్ గ్రీన్, రోజూ జాతరే. ఒకపక్క నీలం మీద పసుపు చుక్కల ఐరోపా జెండాలు, ఇంకోపక్క బ్రిటన్ జెండాలు. మధ్యలో టీవీ ఛానళ్ల గుడారాలు. మైకులో ఎవరో మాట్లాడుతుంటే వెనక నుంచి 'స్టాప్ బ్రెగ్జిట్' అని పొలికేక. 'వెళ్లిపోదామంటే వెళ్లిపోదామనే' అని దానికి ఎదురుకేక.

లోపల జరుగుతున్నది అంతకంటే గందరగోళం. 'బ్రెగ్జిట్ అంటే బ్రెగ్జిటే' అంటూ 2016 జులైలో పగ్గాలు పట్టిన థెరిసా మే, 2017లో కోరి ఎన్నికలు పెట్టి ఉన్న మెజారిటీ పోగొట్టుకున్నారు. ఐరోపాతో కుదుర్చుకొచ్చిన ఒప్పందాన్ని 2019 జనవరి 15న సభ ముందు పెడితే 202 మంది ఔనన్నారు, 432 మంది కాదన్నారు. ఆధునిక బ్రిటన్‌లో ఏ ప్రభుత్వమూ అంత తేడాతో ఓడలేదు. మార్చి 12న మళ్లీ పెట్టారు. మళ్లీ ఓటమి. పోనీ మీకేం కావాలో మీరే చెప్పండని మార్చి 27న ఎనిమిది ప్రత్యామ్నాయాలను ఓటుకు పెడితే, సభ ఎనిమిదింటినీ తిరస్కరించింది! ఏప్రిల్ 1న నాలుగు పెడితే ఆ నాలుగూ పోయాయి.

మార్చి 29 బ్రిటన్ బయటికొచ్చేయాల్సిన రోజు. ఆ మధ్యాహ్నం బయట చౌరస్తా నిండా విడుదల పండగ చేసుకుందామని వచ్చిన జనం. లోపల మే ఒప్పందం మూడోసారి ఓడింది. పండగ కాస్తా శాపనార్థాలైంది. అంతకు సరిగ్గా ఆరు రోజుల ముందు ఇదే చోటికి మరోపక్షం బ్రహ్మాండమైన ఊరేగింపుతో వచ్చి, మళ్లీ ఓటు పెట్టమంది. బ్రెగ్జిట్‌ను రద్దుచేయమన్న అర్జీ మీద 60 లక్షల మందికి పైగా సంతకాలు చేశారు. అదీ బుట్టదాఖలే. తెంచుకుందామని ఓటేసిన మూడేళ్లకు, అదే ఐరోపా పార్లమెంటుకు సభ్యుల్ని పంపడానికి మే 23న ఎన్నికలు కూడా జరుపుకోవాల్సి వచ్చింది. విడాకుల కాగితం మీద సంతకం పెట్టబోతూ పెళ్లిరోజు భోజనానికి కూర్చున్నట్టు! ఆ ఎన్నికల్లో అధికార కన్జర్వేటివ్ పార్టీ అయిదో స్థానానికి పడిపోయింది. మర్నాడే మే కన్నీళ్లతో రాజీనామా ప్రకటించారు.

ఆ వైరం పార్లమెంటు దగ్గరే ఆగలేదు. భోజనాల బల్ల దగ్గర ఆ మాట ఎత్తకూడదని ఒట్లు పెట్టుకున్న కుటుంబాలున్నాయి. తల్లిదండ్రులు ఒకవైపు, పిల్లలు ఒకవైపు. మా భవిష్యత్తును మీరు తాకట్టు పెట్టారని వీళ్లు. మా ఊరు మారిపోతుంటే మీరెక్కడున్నారని వాళ్లు. స్కాట్లండ్ 62 శాతం ఉందామంది, ఉత్తర ఐర్లండ్ దాదాపు 56 శాతం ఉందామంది. వాళ్లకి ఇది ఇంగ్లండ్‌వాళ్లు తమమీద రుద్దిన తీర్పు.

ఆకుకూరతో పందెం

తర్వాతి కథ వేగంగా నడిచింది. బోరిస్ జాన్సన్ 2019 జులైలో వచ్చారు. అయిదు వారాలపాటు పార్లమెంటుకు తాళం వేయబోతే సుప్రీంకోర్టులో 11 మంది న్యాయమూర్తులూ ఏకగ్రీవంగా తప్పన్నారు. 'బ్రెగ్జిట్ ముగించేద్దాం' అన్న ఒక్క నినాదంతో డిసెంబరు ఎన్నికల్లో 80 సీట్ల మెజారిటీ తెచ్చుకున్నారు. బోస్టన్, స్కెగ్‌నెస్ నియోజకవర్గంలో ఆయన పార్టీ అభ్యర్థికి వచ్చిన ఆధిక్యం 25 వేల పైచిలుకు. 2020 జనవరి 31 రాత్రి 11 గంటలకు బ్రిటన్ బయటికొచ్చింది. ఆ గంట కొట్టడానికి బిగ్‌బెన్ లేదు. దానికి అప్పుడు మరమ్మతులు జరుగుతున్నాయి.

కొవిడ్ ఆంక్షల వేళ ప్రధాని ఇంట్లోనే విందులు జరిగాయని బయటపడి, ఇంకా అనేక గొడవలు ముదిరి 2022లో జాన్సన్ పోయారు. లిజ్ ట్రస్ వచ్చారు. ఆమె ఆర్థికమంత్రి బడ్జెట్ దెబ్బకి మార్కెట్లు బెంబేలెత్తాయి. డైలీ స్టార్ పత్రిక ఓ లెట్యూస్ ఆకుకూర ముద్దకు విగ్గు తగిలించి, కెమెరా ముందు పెట్టి, ముందు వాడిపోయేది ఇదా, ప్రధానా అని పందెం కట్టింది. లెట్యూసే గెలిచింది. 49 రోజులకే ఆమె పదవి ముగిసింది. పంట పండించేవాడు కూడా నవ్వాడు గానీ, అతని అప్పు మీద వడ్డీ పెరిగింది. తర్వాత రిషి సునాక్. పంజాబీ మూలాలున్న కుటుంబం, 2016లో 'వచ్చేద్దాం' అని ఓటేసిన మనిషి. దీపావళి రోజున ప్రధాని పదవి ఖాయమైతే ఇక్కడ మనం టపాసులు కాల్చుకున్నాం. 2024 జులై 4న ఆయనా ఓడిపోయారు. లేబర్ నేత కీర్ స్టార్మర్ వచ్చారు. రెఫరెండం పెట్టిన డేవిడ్ కామెరాన్‌తో కలుపుకుంటే ఎనిమిదేళ్లలో ఆరుగురు ప్రధానులు!

ఆ 2024 ఎన్నికల్లో ఓటేసినవాళ్లు నూటికి 60 మంది కూడా లేరు. రెఫరెండంనాడు 72 మంది వరసకట్టిన దేశమది. బోస్టన్‌లో అయిదేళ్లనాటి 25 వేల ఆధిక్యం ఆవిరైంది. రిఫామ్ యూకే నాయకుడు రిచర్డ్ టైస్ 2,010 ఓట్లతో గెలిచారు. 2025 మేలో గ్రేటర్ లింకన్‌షైర్ తొలి మేయర్ పదవినీ అదే పార్టీ తన్నుకుపోయింది. అలక తీరలేదన్నమాట. పార్టీని మార్చింది.

మళ్లీ పొలానికి

ఇంతకీ వలస తగ్గిందా? ఐరోపా నుంచి తగ్గింది. వచ్చేవాళ్లకంటే పోయేవాళ్లు ఎక్కువయ్యారు. మిగతా ప్రపంచం నుంచి పెరిగింది. 2023 జూన్‌తో ముగిసిన ఏడాదికి బ్రిటన్‌కి వచ్చినవాళ్లలోంచి పోయినవాళ్లను తీసేస్తే తేలినవాళ్లు 9 లక్షలకు పైనే. రెఫరెండం నాటికి ఆ సంఖ్య మూడు లక్షల చిల్లర! ఆ తర్వాత నిబంధనలు బిగిస్తే తగ్గుముఖం పట్టింది.

ఆ 9 లక్షల్లో మనవాళ్ల వాటా చిన్నదేం కాదు. చదువయ్యాక రెండేళ్లు ఉండి ఉద్యోగం వెతుక్కోవచ్చన్న వీసాను 2021లో తెరవగానే హైదరాబాద్, విజయవాడల నుంచి ఎందరో పిల్లలు ఇంగ్లండ్ విమానమెక్కారు. నర్సులు వెళ్లారు, వృద్ధుల్ని చూసుకునే పనికి వెళ్లారు. పోలండ్‌వాళ్లు ఖాళీ చేసిన కుర్చీల్లో మనవాళ్లు కూర్చున్నారనడం పూర్తిగా నిజం కాదు. పనులు వేరు. కానీ బోస్టన్ ఓటు పరోక్షంగా మనవాళ్లకు తలుపు తీసిందనడం అబద్ధం కాదు. ఆ తలుపు కూడా మళ్లీ సగం మూసుకుంటోంది. 2027 జనవరి నుంచి దరఖాస్తు చేసే చాలామందికి రెండేళ్లను 18 నెలలకు కుదిస్తామని 2025లో ప్రభుత్వం ప్రకటించింది.

బోస్టన్‌లో అప్పటికే స్థిరపడిన ఐరోపావాళ్లు కాగితాలు పెట్టుకుని ఉండిపోవచ్చన్నారు. చాలామంది ఉండిపోయారు. 2021 లెక్కల్లో ఊరు ఇంకో 9 శాతం పెరిగి తేలింది. వాళ్ల పిల్లలు లింకన్‌షైర్ యాసలో ఇంగ్లిష్ మాట్లాడతారు. బుధవారం, శనివారం స్టంప్ నీడలో సంత జరుగుతుంది. ఇంగ్లిష్ అవ్వా, లాట్వియా అమ్మాయీ ఒకే బండి దగ్గర కాలీఫ్లవర్ తిరగేసి చూసుకుంటారు. దేశమంతటా సర్వేలు చేస్తే, వచ్చేయడం పొరపాటేనన్నవాళ్లు సగానికి మించుతున్నారు. తప్పు ఆలోచనది కాదు, దాన్ని అమలు చేసిన నాయకులది అనే వాళ్లూ ఉన్నారు. రెండు పక్షాలూ ఒకే భవనం వైపే వేలు చూపిస్తాయి.

క్యాబేజీ మాత్రం రెఫరెండం కోసం ఆగదు. కోసేవాళ్లు కావాలి. అందుకే పొలం పనులకు ఆరు నెలల వీసా పెట్టారు. 2019లో ప్రయోగంగా 2,500 మందితో మొదలైంది. నాలుగేళ్లు తిరిగేసరికి 45 వేలకు చేరింది. ఆరు నెలలవగానే వెళ్లిపోవాలి, కుటుంబాన్ని తెచ్చుకోకూడదు. 2023లో అలా వచ్చినవాళ్లలో ఎక్కువమందిది మధ్య ఆసియా. కిర్గిజ్‌స్తాన్, తజికిస్తాన్, కజకిస్తాన్, ఉజ్బెకిస్తాన్. ఆ పల్లెల్లో విమాన టికెట్టు కోసం అప్పులు చేసి, బతుకు తెలియని భాషలో కాంట్రాక్టు మీద సంతకం పెట్టి వస్తారు.

తెల్లవారుజామున ఇంగ్లండ్ తూర్పుతీరం పొలాలవైపు వ్యాన్లు బయల్దేరతాయి. వెనక సీట్లలో కొత్త ముఖాలు. కత్తులు మాత్రం పాతవే.